పిల్లలు లేరు

మార్చి మొదటి వారంలో ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కరుణాకుమారికి ఆ మెయిల్ వచ్చింది. అప్పుడామె అల్లూరులోని రొయ్యల ల్యాబులో ఉంది. రైతులు చెరువు నీళ్ళూ రొయ్యపిల్లలూ తెచ్చిస్తే, వాటిలో జబ్బు ఉందో లేదో చూసి కాగితం మీద రాసివ్వడం ఆమె పని. చేతులకు గ్లవ్స్ ఉండడంతో, మోగిన ఫోను పక్కనే కూర్చున్న అస్మా తీసి చూసింది.

"అక్కా, నీ పేరొచ్చింది," అంది అస్మా. మళ్ళీ ఒకసారి మొదటినుంచి చదివి, "నిజంగానే వచ్చిందక్కా," అంది.

బ్రిటన్‌లో రెండేళ్ళుండి, నచ్చిన పని చేసుకుంటూ, ఊళ్ళు తిరిగి చూసి రావడానికి మన దేశపు కుర్రవాళ్ళకిచ్చే వీసా అది. డిగ్రీ ఉండాలి, వయసు ముప్పై దాటకూడదు. అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి ముందు లాటరీ తీస్తారు. ఆ సంగతి కనిపెట్టింది అస్మాయే. ఫిబ్రవరిలో మధ్యాహ్నం అన్నం తింటూ ఇద్దరి పేర్లూ ఆమే నింపింది. అస్మాకు పాతికేళ్ళు. కరుణకు సెప్టెంబరు వస్తే ముప్పై ఒకటి.

"నాది రాలా. రాకపోతే పోనీలే, నాకింకా టైముంది," అంది అస్మా. ఆ మాటలో ఎక్కడా ఓర్వలేనితనం లేదు. "నీకిదే ఆఖరుసారి గదక్కా. అల్లా నీ మొకం చూసినాడు."

కరుణ గ్లవ్స్ తీసేసి, చేతులు కడుక్కుని, ఫోను తీసుకుని బయటికి వెళ్ళింది. వాకిట్లో వేపచెట్టు కింద నిలబడి ఆ నాలుగు లైన్లూ చదివింది. తొంభై రోజుల్లోగా అప్లికేషన్ పెట్టుకోమని ఉంది. ఆమెకు గుండె దడదడలాడింది. అయిదేళ్ళ కిందట విశాఖపట్నంలో ఎమ్మెస్సీలో చేరిన రోజు తర్వాత అట్లాంటి దడ మళ్ళీ రాలేదు.

ఆ చదువు రెండు నెలలే సాగింది. అక్క రోజారమణికి జ్వరమని ఫోను వస్తే హాస్టలు నుంచి బయల్దేరి వచ్చింది. నెల్లూరు ఆసుపత్రిలో అయిదు రోజులుండి అక్క పోయింది. అప్పటికి అక్క కూతురు కామాక్షికి మూడేళ్ళు. బావ నరేంద్రబాబు ఆ దెబ్బకు మనిషి కాకుండా పోయాడు. బిడ్డకు అన్నం పెట్టాలన్న స్పృహ కూడా అతనికి లేకపోయింది. కరుణ బిడ్డను అల్లూరు తెచ్చుకుంది. తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయాడు, తల్లి ఆ మరుసటి ఏడాది పోయింది. ఇంట్లో ఇక మిగిలింది కరుణా ఆ బిడ్డా ఇద్దరే. బావను చేసుకోమని బంధువులు చెప్పి చూశారు. అక్క స్థానంలో తనను ఊహించుకోలేక కరుణ కుదరదంది. రెండేళ్ళు చూసి అతను వాణిని చేసుకున్నాడు. వాకాడు దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా కుదురుకున్నాడు. ఇప్పుడొక కొడుకు. పండక్కో పబ్బానికో వచ్చి కూతుర్ని చూసి పోతుండేవాడు.

కామాక్షి కరుణను అమ్మా అనే పిలిచేది. అట్లా పిలవమని ఎవరూ నేర్పలేదు. బడికి పోవడం మొదలుపెట్టాక, అందరు పిల్లలూ సాయంత్రం గేటు దగ్గరికొచ్చిన ఆడమనిషిని ఏమని పిలుస్తారో చూసి తానూ అట్లాగే పిలిచింది.

ఆ రోజు మధ్యాహ్నం అస్మా షరతులన్నీ ఒక్కొక్కటే చదివి వినిపించింది. డిగ్రీ సర్టిఫికెట్ ఉంది. బ్యాంకులో చూపించాల్సినంత ఉంది. టీబీ పరీక్ష, వేలిముద్రలు చెన్నైలో ఇవ్వాలి. ఆ తర్వాత వచ్చిన వాక్యం దగ్గర అస్మా గొంతు కొంచెం తగ్గింది. అప్లికేషన్ పెట్టేవాళ్ళతో కలిసి ఉంటున్న పిల్లలుగానీ, వాళ్ళ పోషణలో ఉన్న పిల్లలుగానీ పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళెవరూ ఉండకూడదు.

"నీకేం పిల్లలున్నారక్కా, పెళ్ళే కాలేదు గదా," అంది అస్మా వెంటనే. "కామాక్షి మీ అక్క బిడ్డ. వాళ్ళ నాయన ఉండాడు. లేరని రాసెయ్."

నెల్లూరులో వీసా కాగితాలు చూసే అతన్ని అడిగితే అతనూ అదే చెప్పాడు. అక్క బిడ్డ లెక్కలోకి రాదన్నాడు. వచ్చినా ఎవరు చూడొచ్చారు అని నవ్వాడు.

కరుణకు మనసొప్పలేదు. ల్యాబులో ఆమెకొక పేరుంది. ఆ ముందటేడు ముత్యాలయ్య అనే సీడు బ్రోకరు, తాను తెచ్చిన రొయ్యపిల్లలకు వైరస్ ఉందని తేలితే, లేదని రాసివ్వమని రెండు గంటలు బతిమాలాడు. ల్యాబు ఓనరుతో ఫోను చేయించాడు. "ఉన్నదాన్ని లేదని నేను రాయలేను సార్. మీరే రాసుకొని సంతకం పెట్టుకోండి," అని ఆమె పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. అట్లాంటి మనిషి ఇప్పుడు, రోజూ తన పక్కలో పడుకుని తన చెయ్యి తలకింద పెట్టుకునే బిడ్డను, లేదని ఎట్లా రాస్తుంది?

పోనీ వద్దనుకోవచ్చు. నాలుగు రోజులు అట్లాగే అనుకుంది కూడా. అయితే ఆ నాలుగు రోజుల్లో ఆమెకు తన గురించి తెలియని సంగతి ఒకటి తెలిసింది. ఎవరికీ అక్కగా, కూతురుగా, పిన్నిగా కాకుండా, ఎవరూ ఎరగని ఊళ్ళో తానొక్కతే నడిచి పోవాలని తనకు ఎంత ఆశ ఉందో తెలిసింది. అక్కడ ఏదో సముద్రపు ఒడ్డున ల్యాబులో పని దొరుకుతుంది. సెలవురోజు రైలెక్కి పేరు తెలియని ఊళ్ళో దిగొచ్చు. రెండేళ్ళే. తర్వాత వచ్చేస్తుంది. వచ్చేసరికి కామాక్షికి పదేళ్ళు, అంతే కదా.

చివరికి ఆమె ఒక దారి చూసుకుంది. లేరని అబద్ధం రాయకూడదు. రాసేనాటికి అది నిజమయ్యేట్టు చెయ్యాలి. అప్పట్లో ఆమెకు అది నిజాయితీగానే కనపడింది.

నరేంద్రబాబుకు ఫోను చేసి సంగతంతా చెప్పి, రెండేళ్ళు కామాక్షిని ఉంచుకోమని అడిగింది.

"నా బిడ్డను నేను చూసుకోవడానికి నువ్వు అడగాల్నా కరుణా," అన్నాడతను. "తీసకరా. నీకు నేను ఎప్పుడూ ఏమీ చెయ్యలా. ఇదన్నా చేస్తా."

"వాణి ఏమంటుందో కనుక్కో బావా."

"ఆమె మంచిదేలే. నువ్వు నిదానంగా పోయిరా."

ఏప్రిల్ చివర బడికి సెలవులిచ్చారు. కరుణ హెడ్‌మాస్టరు దగ్గర టీసీ అడిగి తీసుకుని హ్యాండుబ్యాగు అడుగున పెట్టుకుంది. కామాక్షికి మాత్రం సెలవులకు నాన్న దగ్గరికి పోతున్నామని చెప్పింది. అంతా చెప్పాలని రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ వేరే మాటలోకి దిగింది. ఎనిమిదేళ్ళ బిడ్డకు ఏం అర్థమవుతుందని తనకు తాను సర్దిచెప్పుకుంది. అసలు భయం అదికాదు. చెబితే ఆ బిడ్డ వద్దంటుంది. వద్దంటే తాను పోలేదు.

నెల్లూరులో బస్సు మారి, గూడూరులో మారి, వాకాడు చేరేసరికి మధ్యాహ్నమైంది. దారంతా కామాక్షి కిటికీ పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంది.

"తమ్ముడికి పండ్లొచ్చినాయా అమ్మా?"

"వచ్చుంటాయి."

"అక్కడ సముద్రం ఇంటికాణ్ణించి కనపడద్దా?"

"తూపిలిపాళెం పోతే కనపడద్ది. నాన్న బండి మీద తీసకపోతాడులే."

"నువ్వు ఎన్ని రోజులుంటావు?"

"నాకు ల్యాబుంది గదా కామూ. సాయంత్రం బస్సుకు పోవాల."

"మళ్ళ ఎప్పుడొస్తావు?"

"వస్తా," అంది కరుణ.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు కామాక్షి తమ్ముణ్ణి చంకనేసుకుని నవ్వుతూ చెయ్యి ఊపింది. వాణి వెనక నిలబడి ఉంది. టీసీ అప్పటికే నరేంద్రబాబు జేబులో ఉంది. బస్సు కోట ఊరు దాటేదాకా కరుణ గట్టిగానే కూర్చుంది. ఆ తర్వాత పైట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్క సీటులో ఉన్న ముసలామె ఏమీ అడగకుండా నీళ్ళ సీసా అందించింది.

మొదట్లో ఫోన్లు బాగానే నడిచాయి. కామాక్షి పూటకోసారి వాణి ఫోను తీసుకుని మాట్లాడేది. తమ్ముడు చెప్పు కొరికాడని, రొయ్యలకు గాలాడేందుకు చెరువుల్లో తిప్పే చక్రాలు నీళ్ళు కొడుతుంటే రాత్రంతా వాన పడ్డట్టు ఉంటుందని చెప్పేది. మే నెల సగమయ్యేసరికి ఒకటే మాట. "అమ్మా, నాకిక్కడ చాలు. తీసకపో." కరుణ వారం అంది, మళ్ళీ ఇంకో వారం అంది.

మే ఆఖరున అప్లికేషన్ నింపింది. ఆ ప్రశ్న వచ్చినప్పుడు 'లేరు' అన్న గడిలో గుర్తు పెట్టింది. అది నిజమే కదా. ఆ ఇంట్లో ఇప్పుడు పిల్లలు లేరు. చెన్నై వెళ్ళి వేలిముద్రలిచ్చి వచ్చింది.

అప్పటినుంచే కామాక్షి ఫోనులో మాట్లాడటం మానేసింది. వాణి బలవంతాన చెవి దగ్గర పెడితే "ఆఁ", "తిన్నా", "బాగుండా" అనేది. అంతే. ఏమని పిలిచేదీ కాదు. జూన్‌లో బళ్ళు తెరిచారు. అక్కడి బళ్ళో మూడో తరగతిలో చేర్చానని నరేంద్రబాబు చెప్పాడు. బిడ్డకు తన మీద కోపం వచ్చిందని కరుణ అనుకుంది. రావాల్సిందే, ఆ కోపం తాను మోయాల్సిందే అనుకుంది. ఎప్పటికో ఒకప్పటికి తగ్గుతుందని ఆశపడింది.

జూన్ మూడో వారంలో వీసా వచ్చింది. అస్మా ల్యాబులో అందరికీ లడ్లు పంచింది. కరుణ ఒక లడ్డు కాగితంలో చుట్టుకుని, మరుసటి ఆదివారం దాకా ఆగలేక, శనివారమే సెలవు పెట్టి వాకాడు బస్సెక్కింది. అంతా ఈసారి నోటితో చెప్పాలి, క్షమించమని అడగాలి, రెండేళ్ళకు తిరిగొస్తానని ఒట్టు వెయ్యాలి. దారిలో ఆ మాటలన్నీ కూర్చుకుంటూ వెళ్ళింది.

ఇల్లు చేరేసరికి కామాక్షి ఇంకా బడి నుంచి రాలేదు. వాణి కాఫీ పెట్టి ఇచ్చింది. నాలుగు దాటాక గేటు చప్పుడైంది. కామాక్షి బ్యాగుతో లోపలికొచ్చి, కరుణను చూసి ఆగిపోయింది. రెండు నెలల్లో చిక్కి, కొంచెం పొడవైంది. జడలు వాణి వేసినట్టుంది, వేరే రకంగా ఉన్నాయి.

"ఎప్పుడొచ్చినావు పిన్నీ?" అంది.

కరుణ చేతిలో కాఫీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఆమె ముఖం చూసి వాణి చిన్నగా అంది. "మేం చెప్పలేదక్కా. నెల్నాళ్ళుగా అట్నే అంటా ఉంది. ఏందమ్మా అంటే మాట్లాడదు."

కరుణ లేచి బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది. చెరువు గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎదురుగా చక్రాలు తిరుగుతూ నీళ్ళను తెల్లగా చిమ్ముతున్నాయి.

"నా మీద కోపమొచ్చిందా కామూ?"

"లేదు."

"మరి ఫోన్లో ఎందుకు మాట్లాడవు?"

కామాక్షి వెనక్కి తిరిగి ఇంటి వైపు, అటూ ఇటూ చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"ఫోన్లో నోరు జారి అమ్మా అనేస్తే? వాళ్ళు వింటారు గదా."

"ఎవరు?"

"వీసా వాళ్ళు. నేనుంటే నీకియ్యరంట. నేను ఇంటికి పోతానని ఏడస్తా ఉంటే నాన్న చెప్పినాడు. అందుకే మాట్లాడలా." తాను చేసిన పనులన్నీ ఒకటొకటే ఒప్పజెప్పింది. "బళ్ళో కూడా ఎవురికీ చెప్పలా. టీచరు మీ అమ్మ పేరేందని అడిగింది. రోజారమణి, చచ్చిపోయింది అని చెప్పినా. అది అబద్ధం కాదు గదా పిన్నీ?"

కరుణ బిడ్డ నుదుటి మీద పడ్డ వెంట్రుకలు వెనక్కి తోసింది.

"వచ్చిందా?" అంది కామాక్షి.

"ఏంది?"

"వీసా."

"వచ్చింది."

కామాక్షి తల ఊపింది. అప్పజెప్పిన పని సరిగ్గా చేసిన పిల్ల ముఖంలో ఉండే తృప్తి ఒక్క క్షణం ఆ ముఖంలో కనిపించింది. దాన్ని చూసి కరుణ తట్టుకోలేకపోయింది. నెలరోజులుగా ఆ బిడ్డ ఎవరికీ చెప్పుకోకుండా, ఏడుపొస్తే మింగుకుంటూ, తన వీసాను కాపలా కాసింది. బిడ్డను దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. కామాక్షి వద్దనలేదు, చేతులు మాత్రం తన ఒళ్ళోనే పెట్టుకుంది.

"పోదాం రా కామూ. మనింటికి పోదాం. నేను యాడికీ పోను."

"వీసా వచ్చింది గదా," అంది కామాక్షి అర్థం కానట్టు.

"అది నాకొద్దు."

ఆ మాటకు బిడ్డ సంతోషపడుతుందనుకుంది కరుణ. కామాక్షి నీళ్ళ వైపు చూసి, "ఇక్కడ బళ్ళో పేరు రాసినారు," అని మాత్రం అంది. లేచి గౌను దులుపుకుంది. "తమ్ముడు లేచుంటాడు. నేను పోయి ఎత్తుకోవాల."

చీకటి పడకముందే నరేంద్రబాబు చెరువుల మీద నుంచి వచ్చాడు. కరుణ అతనితో కామాక్షిని తీసుకుపోతానంది. అతను చొక్కా మార్చుకుని వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడూ ఆమె ముందు తల వంచుకునే మాట్లాడేవాడు, ఈసారి నేరుగా చూశాడు.

"నిన్ను నేనేమీ అనను కరుణా. అయిదేండ్లు నేను చెయ్యాల్సింది నువ్వు చేసినావు. నీ కాళ్ళు కడగాల నేను. అయితే ఒక సంగతి చెప్తా విను. మే నెలంతా ఈ బిడ్డ పొద్దన లేస్తానే పోయి గేటుకాడ కూర్చోనేది. బస్సు చప్పుడైతే లేసేది. నేను చూడలేక నిజం చెప్పేసినా. ఆ రోజు నుంచి గేటుకాడికి పోలా. ఇప్పుడు నీ యెంట పంపిస్తా సరే, రేపు ఇంకో కాయితం వస్తే?"

"రాదు బావా. నా వయసైపోయింది."

"అది గాదు నేను చెప్పేది." అన్నాడతను. "నేనొకసారి వొదిలేసినా దాన్ని. నువ్వొకసారి వొదిలినావు. ఇంగ చాలు."

వాణి పిల్లవాడికి అన్నం పెడుతూ తల దించుకుని ఉంది. కామాక్షి వాడి పక్కనే కూర్చుని నీళ్ళ గ్లాసు పట్టుకుని ఉంది. అన్నీ వింటోంది. ఎవరి దగ్గరుంటావని అడగొచ్చు, కానీ ఆ బిడ్డను ఎంచుకోమని నిలబెట్టడానికి కరుణకు ధైర్యం చాలలేదు. అతను అన్నదాంట్లో కాదనడానికి ఒక్క మాట కూడా లేదు.

కరుణ బ్రిటన్ పోలేదు. వెళ్ళాల్సిన గడువు దాటిపోతుంటే అస్మా పోట్లాడింది. "ఆ బిడ్డ ఎట్టాగూ రాదు, నువ్వన్నా పో అక్కా. రెండూ పోగొట్టుకుంటావా?" అని ఏడ్చింది. కరుణ కూడా పోదామని ఒకసారి పెట్టె తీసింది. అడుగున వెయ్యడానికి రెండు చీరలు మడిచి, వాటి ముందే కూర్చుండిపోయింది. తాను కోరుకున్నది ఎవరూ ఎరగని ఊరు. ఎక్కడికి పోయినా ఆ చెరువు గట్టు మీది మాటలు తనకంటే ముందు అక్కడ దిగుతాయని ఆమెకు తెలిసిపోయింది.

ఆగస్టులో తూపిలిపాళెం దారిలో ఉన్న ఒక హ్యాచరీలో, రొయ్యపిల్లలను పుట్టించి పెంచేచోట, ల్యాబులో చేరింది. అల్లూరు ఇల్లు బాడుగకిచ్చి, వాకాడులో ఒక గది తీసుకుంది. నరేంద్రబాబు అడ్డు చెప్పలేదు. ఆదివారం ఆదివారం పొద్దున కామాక్షిని తానే బండి మీద తెచ్చి దింపుతాడు. సాయంత్రం వాణి వచ్చి తీసుకుపోతుంది.

ఆ పగలంతా ఇద్దరూ కలిసే ఉంటారు. కరుణ వండిపెట్టింది కామాక్షి బాగా తింటుంది. బడి లెక్కలు చూపిస్తుంది. అడిగినదానికి నెమ్మదిగా జవాబు చెబుతుంది. తమ్ముడి సంగతులు చెప్పేటప్పుడు నవ్వుతుంది కూడా. ఎదురు చెప్పదు, మారాం చెయ్యదు, ఏదీ కావాలని అడగదు. ఆ మంచితనం చూసినప్పుడల్లా కరుణకు, అల్లూరులో దోసె మాడిందని కంచం తోసేసి అలిగిన పిల్ల ఈ పిల్లేనా అనిపిస్తుంది.

అక్టోబరులో కరుణ గోడకొక చెక్క అలమర కొట్టించింది. కింద అర కామాక్షికని చెప్పింది. అందులో కొత్త గౌను ఒకటి, బొమ్మల పుస్తకాలు రెండు, రంగు పెన్సిళ్ళ డబ్బా పెట్టింది. కామాక్షి సాయంత్రం దాకా ఆ పెన్సిళ్ళతో పడవలు గీసింది. అయిదు గంటలకు గుమ్మం ముందు వాణి బండి చప్పుడైంది.

కామాక్షి లేచి పెన్సిళ్ళన్నీ ఏరి డబ్బాలో సర్దింది. డబ్బా, పుస్తకాలు, గౌను, తలకు పెట్టుకొచ్చిన క్లిప్పు, సగం గీసిన కాగితం, అన్నీ తెచ్చుకున్న సంచిలో పెట్టుకుంది.

"ఇక్కడే పెట్టుకో కామూ," అంది కరుణ. "ఆ అర నీదే. వచ్చే ఆదివారం వస్తావు గదా."

"వొద్దులే పిన్నీ," అంది కామాక్షి మర్యాదగా. సంచి భుజానికి తగిలించుకుంది. గది నాలుగు మూలలూ ఒకసారి చూసుకుంది. మంచం కింద ఒక ఎర్ర పెన్సిలు దొర్లిపోయి ఉంటే, వంగి దాన్ని కూడా తీసుకుంది.